ఎం-2, మూడోసారి

మూడోసారి వెనక్కొచ్చాయి నా ప్లాన్లు.
చుట్ట చుట్టిన కాగితాలు చంకన పెట్టుకొని
సిటీ హాల్ మెట్లెక్కాను.
డలూత్‌లో ఏప్రిల్ వసంతమని
క్యాలెండరు ఒక్కటే నమ్ముతుంది.
సరస్సు మీద ఇంకా పలకలు పలకలుగా మంచు,
చెవులు కోసే గాలి.

రెండు వందల పదో గదిలో, కిటికీ పక్కన
లెంపి సారెలా.
అరవై దాటిన మనిషి. చెవి వెనక ఎర్ర పెన్సిలు.
ఆమె బల్ల మీద కాఫీ మరక కూడా
కొలిచి గీసినట్టే ఉంటుంది.

అదొక పాత వలల గోదాము.
జెనీవా బోషే దాన్ని పసిపిల్లల బడి చేస్తానంది.
ముప్ఫయ్యారు మంచాలు, మోకాలెత్తువి,
అప్పుడే కొనేసింది కూడా.
బ్యాంకు వడ్డీ పరిగెడుతోంది,
వడ్రంగులు చేతులు కట్టుకొని కూర్చున్నారు,
పర్మిట్ లేనిదే గోడలో మేకు దిగదు.
బాయిలరూ డక్టులూ ఫ్యాన్లూ నావి.
ముప్ఫై ఏళ్లుగా రేకు వంచి బతుకుతున్నాను,
నాకు గాలి గురించి ఇంకొకరు చెప్పాలా?

మొదటిసారి అంది:
"పొగ బయటికి పోయే చోటుకీ
మంచి గాలి లోపలికొచ్చే చోటుకీ
నడుమ ఏడడుగులే ఉంది. పది కావాలి."
సరే. తప్పు నాదే. జరిపాను.

రెండోసారి:
"నిప్పంటుకుంటే మూసుకోవాల్సిన డ్యాంపర్
గోడలో చూపించావు.
దాన్ని చూడ్డానికి మనిషి దూరే తలుపేదీ?"
మళ్లీ గీశాను.
ఇంటికెళ్లి ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడోసారి ఎం-2 పేజీ మీద
ఒక్కటే ఎర్ర గీత, దాని పక్కన ఒక ప్రశ్న.
"కప్పు మీద నీ గాలిగొట్టం మూతి
పద్దెనిమిది అంగుళాల ఎత్తు.
జనవరిలో ఈశాన్యం గాలి కొట్టాక
అది ఎక్కడుంటుంది?"

"పుస్తకంలో అలా లేదు కదా," అన్నాను.
"పుస్తకం ఎండాకాలంలో రాసినట్టున్నారు,"
అంది తలెత్తకుండానే.

కోపం నిచ్చెనెక్కించింది నన్ను.
ఆ సాయంత్రమే, టేపు నడుముకి తగిలించుకొని,
ఆమె మాట గాలిమాటేనని తేల్చేద్దామని.
కప్పు మీద ఎవరూ లేరు.
ఓ సముద్రపు కాకి నన్ను చూసి విసుక్కుంది.
పిట్టగోడ ఇటుకల మీద
మంచు పేరుకొని, కరిగి, వదిలిపోయిన చార,
ఉప్పు తెల్లగా.
టేపు పెట్టాను. ఇరవై మూడు.
మళ్లీ పెట్టాను.
ఇరవై మూడే.

ఆ చార పక్కనే, ఇటుక మీద,
ఎర్ర పెన్సిలుతో సన్నటి అడ్డగీత.
కింద తేదీ: జనవరి పంతొమ్మిది.
నేను మొదటి ప్లాన్లు ఇచ్చిన వారం.
ఆ వారమంతా ఊళ్లో బస్సులు తిరగలేదు.
నేను ఇంట్లో పొయ్యి పక్కన కూర్చొని
సాక్సు ఆరబెట్టుకున్నాను.

అంటే, ఆ రోజే తెలుసు ఆమెకి.
మొదటిసారే ఎందుకు చెప్పలేదో
ఇప్పటికీ నాకు అంతుపట్టదు.
బహుశా ముందు పొగ సంగతి తేలాలనుకుందేమో.
బహుశా నేను అడుగుతానని చూసిందేమో.
అడిగే రకం కాదు నేను.

రాత్రి గీశాను. ముప్ఫయ్యారు అంగుళాలు.
అంకె రాస్తుంటే మంచాలు గుర్తొచ్చాయి,
ఒక్కో మంచానికి ఒక్కో అంగుళం.
అలా కావాలని రాయలేదు,
అలా కుదిరింది.

పొద్దున్నే ఆమె ఎం-2 చూసింది,
మిగతా పేజీలు మళ్లీ మొదటినుంచీ చూసింది,
నేను ముట్టుకోనివి కూడా.
గోడ గడియారం, నేనూ, ఆమె వేలి చప్పుడు.
తర్వాత ముద్ర దించింది.
సిరా ఆరేదాకా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ఇటుక మీద..." అని మొదలెట్టాను.
"మళ్లీ ఇచ్చినందుకు ఫీజు ఎనభై అయిదు డాలర్లు,"
అంది లెంపి సారెలా.
కట్టాను. రసీదు అడిగాను.
ఇచ్చింది.

బయటికొచ్చి తలుపు తీయగానే
సరస్సు గాలి కాగితాల చుట్ట లాక్కోబోయింది.
రెండు చేతులా పట్టుకున్నాను.